కల్లం మీది మేర

ఆ యేడు వానకాలం కోతలు మొదలయ్యేనాటికి నా పేరు మీద రెండు వరికోత మిషన్లున్నాయి. నన్ను కన్న మా అవ్వ కాళ్లకు మాత్రం కడియాలు లేవు. ఊళ్లో వాళ్లు మిషన్లు చూసి కుళ్లుకున్నారు, ఉత్త కాళ్లు చూసి నవ్వుకున్నారు. రెండో మిషన్ రావడానికే కడియాలు పోయాయని మా ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

మొదటి మిషన్ మస్కట్‌లో పొక్లెయిన్ నడిపి కూడబెట్టిన పైసలతో కొన్నది. రెండోది బ్యాంకు అప్పు. ఆ అప్పు కోసమే నేను మెట్‌పల్లిలో మమతారాణి దగ్గరికి పోవలసి వచ్చింది. ఎరువుల దుకాణం పైగదిలో కూర్చుని ఇన్‌కంటాక్సు రిటర్నులు వేసిపెట్టే మనిషి ఆమె. నీ సంపాదన కాయితం మీద కనబడితేనే అప్పిస్తానన్నాడు బ్యాంకు మేనేజరు. ఆరో తరగతితో బడి మానేసినవాడి సంపాదన చేతిలో కనబడటమే కష్టం, ఇక కాయితం మీద ఎక్కడ కనబడుతుంది?

మమతారాణి లెక్క తీసింది. అసలు పన్ను. గడువు దాటాక వచ్చానని ఒక జుర్మానా. ఆ రెండింటి కింద ఇంకో అంకె.

"వడ్లు కోసిన పైసలకు పన్నేంది మేడం? పొలం పైసలకు పన్నుండదు గద," అన్నాను.

"పండించినోనికి ఉండదన్నా. నువ్వు పండించినవా? కిరాయికి కోసినవ్. ఆటో కిరాయైనా, మిషిన్ కిరాయైనా ఒకటే లెక్క."

"నా మిషిన్ పొలంలనే తిరిగింది గద. సడక్ మీద ఏమన్న తిరిగిందా?"

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. మూడో అంకె మీద వేలు పెట్టి, "గిదేంది?" అనడిగాను.

"మిత్తి. మొన్న మార్చి పదిహేనుకే కట్టాల్సిన పన్ను గిది. పన్ను పదివేలకు తక్కువ కాదనిపిస్తే ఏడాది ఒడువకముందే కట్టాలె. వేరేటోళ్లు నాలుగు కిస్తులల్ల కడతరు. నీలాంటి చిన్న యాపారానికి సులువు లెక్క ఉంది, ఒక్కటే కిస్తు, మార్చి పదిహేను. అది తప్పితే ఓ రూపాయి. ఇగ ఏప్రిల్ కెల్లి నూటికి నెలకు రూపాయి నడుస్తనే ఉంటది, నువ్వు కట్టిందాక."

"ఏడాదే ఒడువకపాయె. లెక్కనే తేలకపాయె. ఎంతని కడతరు?"

"అందాజ మీద. గట్టు మీద నిలవడి ఎకరానికి ఎన్ని బస్తాలెల్తయో చెప్తవా లేదా? గట్లనే. జర అటిటైనా ఫికర్ లేదు. నూటికి తొంభై వంతులు ముందుగాల కట్టి ఉంటే ఏప్రిల్ మిత్తి పడదు."

నూటికి రూపాయి వడ్డీ అనే మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా ఊళ్లో నూటికి మూడు. అదీ దండం పెట్టి అడిగితే.

"మేడం, గింత చవుక మిత్తికి నాకు ఎవడిస్తడు అప్పు? సర్కారు పైసలు వాడుకునుడే మంచిగున్నట్టుంది గద!"

మమతారాణి పెన్ను కింద పెట్టింది. "చవుకనే అన్నా. కట్టేనాడు చేతిల ఉండాలె గద."

కట్టేనాడు చేతిలో లేవు. పొలాలన్నీ పచ్చగా ఉన్న కాలమది. మిషన్ టార్పాలిన్ కింద పడుకుని ఉంది. మిషన్ పడుకుంటే నేనూ పడుకున్నట్టే. అప్పు రావాలంటే రిటర్ను కావాలి, రిటర్ను వేయాలంటే పన్ను కట్టాలి.

కడియాల మాట అవ్వే ఎత్తింది. నేను అడగలేదు. అడగకుండా ఇంట్లో అటూ ఇటూ తిరగడం కూడా అడగడం లాంటిదేనని నా భార్య కోమల తర్వాత అంది.

అవ్వ పేరు పోశవ్వ. అరుగు మీద కూర్చుని కాలు చాపింది. కోమల సబ్బునీళ్లు పోసి గుంజుతోంది. ఎడమకాలి కడియం సులువుగానే వచ్చింది. కుడికాలిది మడమ దగ్గర పట్టుకుంది.

"ఓ కోడలా, కడియం గుంజుతున్నవా, కాలు గుంజుతున్నవా?"

"జెర ఓపిక పట్టత్తా."

"మీ మామ గుంజినా రాకపోతుండె గిది. కల్లు దుకాణంల పెడదామని ఎన్నిమార్ల చూసిండో! సచ్చినోనికి రాంది సర్కారుకు వస్తుంది సూడు," అని అవ్వ పడీ పడీ నవ్వింది. కడియం వచ్చేసింది. అది ఉన్నచోట చర్మం పసిపిల్ల చర్మంలా తెల్లగా ఉంది. నేను అటు చూడలేదు.

ఆ కడియాలు ఎవరూ పెట్టినవి కావు. మేర వడ్లు అమ్మి అవ్వ చేయించుకున్నవి. మా ఇంటి వాళ్లు ఊరి బట్టలు ఉతికేవాళ్లు. దానికి జీతమంటూ లేదు. మిషన్లు రాకముందు వరి కోసి, కల్లంలో కొట్టి, తూర్పారబట్టి కుప్ప పోసేవాళ్లు. ఆ కుప్ప బండికెత్తకముందు ఉతికినవాళ్లకు, గొరిగినవాళ్లకు, నాగలి చెక్కినవాళ్లకు కుంచెంతో కొలిచి ఇచ్చేదే మేర. అవ్వ రెండు చేతులా కొంగు పట్టి కల్లం అంచున నిలబడేది. గంప పట్టుకుని వెనక నేను. ఎండాకాలపు యాసంగి కోతలూ, ఆరో తరగతి పరీక్షలూ ఒక్కసారే వచ్చాయి. కోతలు గెలిచాయి.

"పోశీ, పోయినమాటు అంగీకి గంజి సక్కగ పెట్టలే," అంటూ నిండని కుంచెం కొంగులో బోర్లించిన చెయ్యి నాకింకా కళ్లకు కడుతుంది. నేను కోత మిషన్ కొన్నది అందుకేనేమో అనిపిస్తుంది ఒక్కోసారి. మిషన్ వచ్చాక కల్లమే లేదు. కల్లం లేకపోతే కుంచెం బోర్లించేవాడూ లేడు, కొంగు పట్టేవాళ్లూ లేరు.

మెట్‌పల్లిలో వెండి కుదువపెట్టుకునే సేటు నూటికి రెండు చొప్పున ఇచ్చాడు. ఉగాది దాకా ఆగుతానని, ఆ తర్వాత కరిగిస్తానని చెప్పాడు. ఆ యేడు బతుకమ్మకు అవ్వ ఉత్త కాళ్లతో పోయింది. "కాళ్లు అలుకగైనయి బిడ్డా. గాలొస్తే లేశిపోతనేమో, జెర పట్టుకోండ్రి," అని ఆడవాళ్లందరినీ నవ్వించి వచ్చింది. ఇంటికొచ్చాక మాత్రం చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కుని కూర్చుంది.

*

కోతలూ ఓట్లూ కలిసి వచ్చాయి ఆ యేడు. ప్రచారం జీపులు మా మిషన్లకు దారి ఇవ్వలేదు, మా మిషన్లు జీపులకు ఇవ్వలేదు. నా పెద్ద మిషన్ డ్రైవరు అంబదాస్‌ది మహారాష్ట్ర సరిహద్దున బోథ్ దిక్కు. మాట తెలుగులో మొదలుపెట్టి తిట్టు మరాఠీలో ముగిస్తాడు. పని మాత్రం పాలు పిండినట్టు చేస్తాడు. గింజ కింద పడనివ్వడు.

పరశురాములు పటేల్ చేను అందరికంటే పెద్దది. కుంచెం బోర్లించిన చెయ్యి ఆయన తండ్రిదే. ఆ సంగతి ఆయనకు గుర్తుండదు. ఇచ్చేవాళ్లకు గుర్తుండదు, తీసుకునేవాళ్లకే ఉంటుంది. రెండు రోజులు వరసగా కోశాం. చివరి మడి అయ్యాక గట్టు మీద నిలబడి కిరాయి అడిగాను.

"వడ్ల పైసలు అకౌంట్ల వడంగనే ఇస్త ముత్యం. నేను యాడికి పోత?" అన్నాడు పటేల్.

అంబదాస్ తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ నా పక్కకు వచ్చాడు. "భావూ, ఈయన యాడికీ పోడు. గదే మన కర్మ."

వడ్ల పైసలు పడ్డాయి. పటేల్ ఇంటికి కొత్త గేటు వచ్చింది. నా కిరాయి రాలేదు. అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు గానీ పెద్ద బాకీ ఆయనదే.

*

మార్చి మొదట్లో మమతారాణి ఫోన్ చేసింది. "అన్నా, అందాజ లెక్క కట్టిన. ఈసారి రెండు మిషిన్లాయె, జర ఎక్కువనే ఉంది. పదిహేను తారీఖు మర్శిపోకు."

"పటేల్ ఇంక పైసలియ్యలే మేడం. రాని పైసలకు గూడ పన్నా?"

"పని చేసినవ్, కిరాయి నీదే. లెక్కల పడ్డట్టే."

ఆమె చెప్పిన మొత్తం నా దగ్గర సరిగ్గా ఉంది. చిక్కు అదే. ఆ పైసలు నేను కడియాలు విడిపించడానికి దాచినవి. ఉగాదికి ఇంకో నెలే ఉంది.

ఇంట్లో చింతపండు కొడుతున్నారు. అవ్వ రాయి మీద కాయ పెట్టి కొడితే కోమల గింజ తీస్తోంది. సంగతి వాళ్ల ముందు పెట్టాను. నా లెక్క కూడా చెప్పాను: సేటుది నూటికి రెండు, సర్కారుది నూటికి ఒకటి. తెలివైనవాడు మొదట రెండుది తెంపుకుంటాడు.

"మొదలు అత్త కడియాలు తే," అంది కోమల. "సర్కారు యాడికి పోతది?"

అవ్వ రాయి ఆపింది. "సర్కారుకు ఎప్పుడియ్యాలెనంటరు?"

"ఏడాది ఒడువకముందే. రిటర్ను ఏసుడు తర్వాత, పైసలు ముందుగాల."

"అంటే కుప్ప ఇంటికి రాకముందే."

"గట్లనే అనుకో."

"మరి గది మేరనే గద కొడుకా. కొత్తగ చెప్తవేంది?" అవ్వ మళ్లీ రాయి అందుకుంది. "గడప దాటి గుమ్మిల వడ్డ గింజ మల్ల బయటికొస్తదా? 'రేపు రా పోశీ' అన్నోడు ఎల్లుండి గూడ ఇయ్యకపోయేది. ఇయ్యబుద్ధి గాక కాదు. గుమ్మిలకెల్లి తీసుడంటే పానం తీసినట్టుంటది. కల్లం మీద పెట్టినోనికి మాత్రం పెట్టినట్టే తెల్వకపోయేది."

"మనకెవడు నిండ కొలిచి పెట్టిండని మనం పెట్టాలె?" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది.

"బోర్లించినోన్ని ఒక్కన్ని యాదిపెట్టుకున్నవ్ నువ్వు. నిండ పోసినోళ్లు నాకు యాదికున్నరు. గడ్డం నరసవ్వ కుంచెం నింపి మీదికెల్లి దోసెడు పోసేది." చింతకాయ పగిలింది. "బిచ్చం అనుకున్నవా మేర? ఉతికినం, తెచ్చుకున్నం. నెలనెల నా పింఛను ఏ కల్లం కెల్లి వస్తుందో, ఎవలు పెడుతున్నరో. నువ్వు గూడ పెట్టు."

"మరి కడియాలత్తా?" అంది కోమల.

"నా కాళ్లు యాడున్నయో గాడనే ఉంటయి తియ్యి."

కోమల వేళ్ల మీద లెక్కపెట్టి ఇంకో మెలిక తెచ్చింది. "పదిహేను తారీఖు శుక్కురారం వడ్డది. శుక్కురారం పూట లచ్చిమిని ఇంట్లకెల్లి పంపుతరా ఎవలన్న?"

"అయితే బేస్తారమే కట్టుండ్రి," అంది అవ్వ. "ముందుగాల ఇస్తే కొడతరా?"

బండి తీసుకుని పరశురాములు పటేల్ ఇంటికి పోయాను. ఆయన బాకీ ఇస్తే పన్నూ కట్టొచ్చు, కడియాలూ తేవచ్చు. ఎవరి మాటా వినక్కర్లేదు.

పటేల్ ఉయ్యాల బల్ల మీద ఉన్నాడు. చాయ్ వచ్చింది. ఆయనకు స్టీలు గ్లాసు, నాకు కాయితం గ్లాసు. మస్కట్ నుంచి వచ్చిన యేడు కూడా కాయితం గ్లాసే. మిషన్ కొన్న యేడు కూడా.

"యాసంగి కోతకు కలిపి ఇస్త ముత్యం, పరేషాన్ కాకు," అన్నాడు పటేల్. "ఊకెనే ఉంచుకుంటనా? నూటికి రూపాయి మిత్తి ఏసుకో. గింత చవుకగ నాకింకెవడిస్తడు? నీ పైసలు వాడుకునుడే మంచిగుంది నాకు."

ఆయన నవ్వాడు. నాకు ఎందుకో ఎరువుల దుకాణం మెట్లు, మమతారాణి కింద పెట్టిన పెన్ను కళ్ల ముందు కనబడ్డాయి. చాయ్ గోడ మీద పెట్టి లేచాను.

"ఏందిరా, తాగకపోతివి?"

"మల్లొస్త పటేలా," అన్నాను.

బేస్తవారం పొద్దున మెట్‌పల్లి పోయి పన్ను కట్టేశాను. అంతా ఫోన్‌లోనే అయిపోయింది. ఇంత పైసా పోతున్నప్పుడు చేతికి ఒక బరువైనా తగలాలి. అదీ లేదు. మమతారాణి చలాన్ చూసి, "రేపటి దాక గడువుండె గదన్నా," అంది.

"మా ఇంట్ల శుక్కురారం పైసలు బయటికియ్యరు మేడం."

ఆమె నవ్వింది. ఈసారి నేనూ నవ్వానేమో, నాకే తెలియదు. "ఇగ జులైల ఒట్టి చేతుల్తోని రావచ్చు. రిటర్ను ఏసి పోవుడే," అంది. మెట్లు దిగుతుంటే సేటు దుకాణం ఎదురుగానే కనబడింది. రోడ్డు ఇవతలి నుంచే నడిచాను.

*

ఉగాది ఇంకా వారం ఉందనగా వడగండ్ల భయం పట్టుకుంది. పొద్దుగూకేసరికి పడమట నల్లగా కమ్ముతోంది. పక్క మండలంలో రాళ్ల వాన పడి గింజంతా రాలిపోయిందని కబురొచ్చింది. యాసంగి చేలు పండి ఒరిగి ఉన్నాయి. పరశురాములు పటేల్ ఫోన్ మీద ఫోన్ చేశాడు. నాలుగు నెలలు నేను చేసిన ఫోన్లన్నీ ఆయన ఒక్కపూటలో తిరిగి చేశాడనిపించింది.

పెద్ద మిషన్‌ను ఆయన గట్టు దాకా తెచ్చాం. అంబదాస్ చేలోకి దించబోతుంటే చెయ్యి ఎత్తాను. ఇంజను ఆపేశాడు.

"ఏమైందిరా? దించు, దించు! మబ్బు చూస్తలెవ్వా?" పటేల్ పరుగెత్తుకొచ్చాడు.

"చూస్తున్న పటేలా. వానకాలం బాకీ ఇయ్యిండ్రి."

"గిదేం మాటరా? గిప్పుడా? ఇంటికొస్తే ఇయ్యనా?"

"ఇంటికొచ్చిన గద. చాయ్ పోసిండ్రు. గడప దాటినంక రాదని మా అవ్వ అంటది. గట్టు మీదనే పెట్టుండ్రి."

చల్లటి గాలి వచ్చి చేను ఒక పక్కకు వాలింది. పటేల్ తలగుడ్డ తీసి రెండు చేతులా ముందుకు పట్టుకుని నిలబడ్డాడు, ఒకసారి మబ్బు వైపు, ఒకసారి నా మొహం వైపు చూస్తూ. కల్లం అంచున అలా నిలబడటం నాకు తెలుసు. ఆ ఇంటి మనిషిని అట్లా చూడాలని చిన్నప్పటి నుంచి కోరుకున్నాను. చూశాక అంత బాగా ఏమీ అనిపించలేదు.

"దించు అంబదాస్," అన్నాను. "పైసలు తర్వాత చూద్దాం."

అంబదాస్ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. ఇంజను మోగింది. మిషన్ చేలోకి దిగి మొదటి సాలు తిరిగేలోపు నా జేబులో ఫోన్ టింగుమంది. తీసి చూస్తే వానకాలం బాకీ మొత్తం. పటేల్ గట్టు మీద ఫోను కళ్ల దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు.

మిషన్ తిరిగి గట్టు దగ్గరికొచ్చినప్పుడు ఫోను ఎత్తి చూపించాను. "అరె వా భావూ!" అని అరిచాడు అంబదాస్ ఇంజను మోత మీద నుంచి. "పటేల్ ఫోనుకు సిగ్నల్ దొరికినట్టుంది!" ఆ తర్వాత ఏదో మరాఠీలో అన్నాడు. అది తిట్టు కాదనే అనుకుంటున్నాను.

ఆ రోజు రాళ్లు పడలేదు. ఉత్త గాలి వచ్చి పోయింది. పడ్డా పటేల్‌కు పోయేదేమీ లేదు, చేను అప్పటికే ట్రాక్టరెక్కింది.

*

ఉగాదికి ముందు రోజు సేటు దుకాణానికి పోయి కడియాలు విడిపించుకొచ్చాను. పాత గుడ్డలో చుట్టి ఇచ్చాడు. వెండి నల్లబడింది. కోమల చింతపండుతో తోమితే తెల్లబడ్డాయి.

అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. కోమల కొబ్బరినూనె గిన్నెతో కింద కూర్చుంది. "చాపత్తా కాలు."

అవ్వ చాపలేదు. నా వైపు చూసింది. "గీ పైసలు ఎవలియిరా?"

"పరశురాములు పటేల్‌యి. వానకాలం కోతయి."

"గీ పైసలకెల్లి తీసినవా?"

"ఏంది తీసుడు?"

"సర్కారు మేర."

పటేల్ బాకీ మీద పన్ను మార్చిలోనే కట్టేశాను. పని చేసిన నాడే అది లెక్కలో పడిందని మమతారాణి చెప్పింది కూడా. ఆ సంగతి అవ్వకు విడమరిచి చెప్పొచ్చు. చెప్పడానికి నోరు తెరిచాను. అవ్వ పాదాలు చీర కుచ్చిళ్ల కిందే ఉన్నాయి.

లోపలికి పోయి బియ్యం కొలిచే మానికె తెచ్చాను. కడియాలు విడిపించగా మిగిలిన నోట్లలోంచి కొన్ని తీసి అందులో వేశాను. ఇవి కొత్త యేడు లెక్కకు, వచ్చే మార్చికి. అవ్వ వంగి మానికెలోకి చూసింది.

"నిండని కుంచెం బోర్లియ్యకు. సక్కగ పెట్టు," అంది.

ఇంకో రెండు నోట్లు వేశాను. అప్పుడు కుడికాలు ముందుకు చాపింది.